మురుగు కుంటలకు ఇంటికి నెలకు 50 రూపాయలు: కట్టాలా, వద్దా?

కాలువగట్టు:
మాది కృష్ణా డెల్టాలో 3,200 మంది ఉన్న పంచాయతీ. మొన్న గ్రామసభ గొడవతో ఆగిపోయింది. విషయం ఇది. స్వచ్ఛ భారత్ రెండో దశలో 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి మురుగునీటి పనులకు తలకు 280 రూపాయల లెక్క. మా ఊరికి 8,96,000 వస్తుంది. అందులో 30 శాతం 15వ ఆర్థిక సంఘం నిధుల నుంచి పంచాయతీ పెట్టుకోవాలి. దాంతో ఊరి చివర మూడు కుంటలు తవ్వుతారు. మొదటిదాంట్లో మడ్డి అడుక్కి దిగుతుంది, రెండోదాంట్లో ఎండా నాచూ పని చేస్తాయి, మూడోదాంట్లో క్రిములు చాలావరకు చస్తాయి. తవ్వడానికి డబ్బుంది. తర్వాత పూడిక తీసేదెవరు, గట్టు చూసేదెవరు? అందుకని ఇంటికి నెలకు 50 అడుగుతున్నారు. 900 ఇళ్ళకు 45,000. మీ ఊళ్ళలో ఎక్కడైనా ఇలా వసూలు చేస్తున్నారా?

డెల్టా రైతు:
నాదీ అదే ఊరు. నేను కట్టను. ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం నీళ్ళకూ పారిశుధ్యానికే వాడాలని రూలుంది. ఆ లెక్క ముందు గోడ మీద రాయండి. ఆ నిధులు కరెంటు బకాయిల కింద పోయాయని సర్పంచులు రోడ్డెక్కిన సంగతి రాష్ట్రమంతా చూసింది. అక్కడ పోయినదాన్ని మా జేబులోంచి పూడుస్తారా? నాలుగేళ్ళ కిందట మా ఇంటి ముందు సిమెంటు కాలువ కట్టారు. వాటం ఎదురుగా పెట్టారు. ఆరోజు నుంచి నీళ్ళు కదలవు. మా నాన్న అక్కడే జారిపడి తుంటి విరగ్గొట్టుకుని ఆరు నెలలు మంచంలో ఉన్నాడు. ఒక్కడొచ్చి చూడలేదు. ముందు ఆ కాలువ సరిచేయండి.

రిటైర్డ్ ఏఈ:
అసలు కుంటలే అక్కర్లేదు. ఇంటింటికీ ఉపాధి హామీలో ఒక ఇంకుడు గుంత చాలు. ఇప్పుడు మ్యాజిక్ డ్రెయిన్లు కూడా వచ్చాయి. వీధి పక్కన కందకం తవ్వి పెద్ద రాళ్ళు, కంకర, ఇసుక వరసగా నింపుతారు. సిమెంటు కాలువ కన్నా ఖర్చు బాగా తక్కువ. నీళ్ళు పుట్టిన చోటే ఇంకిపోతే మోసుకెళ్ళే పనే ఉండదు. ప్రకాశం జిల్లా మెట్టలో నేను దగ్గరుండి వేయించిన గుంతలు ఈరోజుకీ పని చేస్తున్నాయి.

కాలువగట్టు:
సార్, మెట్టలో నిజమే. మా దగ్గర పంట కాలువలు వదిలాక మూడడుగులు తవ్వితే నీళ్ళే.

రిటైర్డ్ ఏఈ:
మూడడుగులు ఏ నెలలో? ఎక్కడ కొలిచారు?

కాలువగట్టు:
ఆగస్టులో, మా దొడ్లో.

రిటైర్డ్ ఏఈ:
ఒక్క దొడ్డి చూసి ఊరంతటికీ చెప్పకూడదు బాబూ. గుంత అడుగు కింద మీటరున్నర పొడి నేల ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. వేసవిలో, వానాకాలంలో నాలుగైదు చోట్ల కొలిచి అప్పుడు మాట్లాడండి.

అంగన్‌వాడీ టీచర్:
మీరు కొలిచేలోపు మా పిల్లలకు మళ్ళీ జ్వరాలొస్తాయి. సెంటర్ ముందే నిలబడి ఉంది నీరు.

హైదరాబాద్‌లో ఊరివాడిని:
నేను 50 కాదు, 200 ఇస్తాను. మా అపార్ట్‌మెంట్‌లో శుద్ధి ప్లాంటుకు ప్రతి ఇల్లూ నెలనెలా కడుతుంది. కట్టకపోతే మోటారు ఆగుతుంది, రెండో రోజుకే వాసన. డబ్బు లేకుండా ఏదీ నడవదు.

డెల్టా రైతు:
తమ్ముడూ, సంక్రాంతికి మూడు రోజులొచ్చే నీకు 200 లెక్క కాదు. ఇక్కడ కౌలు కట్టి మిగిలిందాంట్లోంచి తీయాలి.

చివరి వీధి:
రెండు రోజులుగా చదువుతున్నాను. యాభై కట్టాలా, గుంతా కుంటా, మూడడుగులా నాలుగడుగులా. ఆ కుంటలు ఎక్కడ తవ్వుతున్నారో ఒక్కరూ అడగలేదు. మా వాడ వెనక తవ్వుతున్నారు. ఊరి కాలువలన్నీ ఇప్పటికే మా గడపల ముందుకొచ్చి ఆగుతాయి. అవి వంటింటి నీళ్ళు మాత్రమే కాదు. పై వీధుల్లో సెప్టిక్ ట్యాంకుల పైపులు తిన్నగా కాలువలో కలిపారు. ఆ కాలువల్లో దిగి పూడిక తీసేది మా అన్న. గ్లౌజులు లేవు, ఐదు నెలల జీతం రాలేదు.

డెల్టా రైతు:
నీళ్ళు పల్లానికే పోతాయి. దాన్లోకి వాడల మాట తేవద్దు.

చివరి వీధి:
ఆ పల్లంలోనే మాకు స్థలాలు ఎందుకిచ్చారు అన్నా?

కాలువగట్టు:
ఇది ముందే రాయాల్సింది నేను. తప్పు నాదే. మొదట అనుకున్న చోటు తూర్పున మురుగు కాలువ పక్కనున్న పంచాయతీ స్థలం. ఇళ్ళకు దూరం. రెండో మీటింగులో మార్చారు.

చివరి వీధి:
ఎవరు మార్చమన్నారు?

డెల్టా రైతు:
నేనే. దాచేదేం లేదు. ఆ స్థలం పక్కన నాకు అరవై సెంట్లుంది. పిల్ల పెళ్ళికి అమ్మాలని పెట్టుకున్నాను. మురుగు కుంట పక్కన ఎవరు కొంటారు? మీటింగులో చెయ్యెత్తి అడిగాను, మార్చారు. మీ వాడకు చేటు చేయాలని కాదు.

చివరి వీధి:
మీ పొలం ధర తగ్గుతుందని మార్చారు. మా ఇళ్ళకు ధర లేదా? అదే నీటి పక్కన మా అమ్మ అన్నం వండుతుంది. ఆ రోజు మీటింగు మా వాళ్ళు పనికెళ్ళిన టైంలో పెట్టారు.

అంగన్‌వాడీ టీచర్:
సెప్టిక్ పైపులు కాలువలోంచి తీయించడానికి ఏ నిధులూ అక్కర్లేదు. అది ముందు చేయండి.

డెల్టా రైతు:
మా ఇంటిదీ కలిపే ఉంది. పక్కన గుంత తవ్వితే నీళ్ళు ఊరుతున్నాయి. ఏం చేయమంటారు?

రిటైర్డ్ ఏఈ:
అలా ఊరే చోట నా ఇంకుడు గుంత పని చేయదు, ఆ మాట ఒప్పుకుంటున్నాను. తూర్పు స్థలానికి లెవెల్స్ తీశారా? ఊరి కన్నా అడుగున్నర కిందుంటే నీళ్ళు వాటంతోనే పోవచ్చు. మీద ఉంటే మోటారు కావాలి, అప్పుడు 45,000 కూడా సరిపోకపోవచ్చు. ఆదివారం నేనొస్తాను. చివరి వీధి బాబూ, మీ అన్నయ్యను కూడా రమ్మను. ఏ కాలువ ఎక్కడ ఆగుతుందో ఆయనకే బాగా తెలుసు.

చివరి వీధి:
ఆదివారం కూడా పనే సార్. సాయంత్రం ఐదు తర్వాతైతే వస్తాడు.