స్లైడింగ్ గేటు సగం దాకా వచ్చి వెనక్కి పోతోంది, మోటారు పోయినట్టేనా?

మాది కొంపల్లి, మోటారుతో నడిచే స్లైడింగ్ గేటు. తెరుచుకోవడం బాగానే తెరుచుకుంటోంది. మూసేటప్పుడు మాత్రం సగం దాకా వచ్చి ఆగి మళ్లీ వెనక్కి పోతోంది, అదీ వానలు మొదలైనప్పటి నుంచే. మెకానిక్ వచ్చి చూడకుండానే ఫోన్లో మోటారు మార్చాలండీ అంటున్నాడు. ఏం చేయమంటారు?

– తెరుచుకుంటోందంటే మోటారు బాగానే ఉన్నట్టు, తొందరపడి డబ్బులు పెట్టకండి. ముందు రెండు స్తంభాలకూ ఎదురెదురుగా ఉండే సెన్సర్లు చూడండి. మూసేటప్పుడు వాటి మధ్య ఏదైనా అడ్డొస్తే గేటు వెనక్కి పోతుంది, ఆ అడ్డం కారే కానక్కర్లేదు, సాలెగూడు, అద్దం మీద బురద చుక్క, గాలికి ఊగే మందార కొమ్మ ఏదైనా చాలు. పొడిగుడ్డతో తుడిచి చూడండి.

– మోటారు లోపలి బోర్డులో ఫోర్స్ అని చిన్న నాబ్ ఉంటుంది, కాస్త పెంచితే తన్నుకుంటూ మూసుకుంటుంది. మాకు అలాగే చేశారు.

– అన్నా, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. అడ్డు తగిలితే గేటు ఆగేది ఆ సెట్టింగ్ వల్లే, పెంచితే పిల్లాడు అడ్డమొచ్చినా ఆగకుండా నొక్కేస్తుంది. సెన్సర్ పనిచేయకుండా దాని వైర్లు కలిపేసి నడిపించేవాళ్లు కూడా ఉన్నారు, అది ఇంకా ఘోరం.

– తుడిచాను, తేడా లేదు. ఎప్పుడూ ఒకే చోట ఆగుతోంది.

– ఒకే చోట అంటే చాలావరకు ట్రాక్ సంగతే. ఎంసీబీ ఆపేసి, మోటారుకి తాళంచెవి పెట్టి రిలీజ్ చేసి, అంటే గేటు నుంచి విడిపించి, గేటుని ఈ చివర నుంచి ఆ చివరకి చేత్తో తోయండి. ఎక్కడ బరువుగా తగిలిందో అక్కడ వంగి చూడండి.

– తోశాను. వాన నీటికి కొట్టుకొచ్చిన ఇసుక ట్రాక్‌లో గట్టిపడిపోయింది, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెళ్లలుగా వచ్చింది. ఇప్పుడు తేలిగ్గా కదులుతోంది. గేటుకి బిగించిన పళ్ల పట్టీకి గ్రీజు పూయనా?

– వద్దు, దుమ్ము అంటుకుని పళ్లు అరిగిపోతాయి, పొడి బ్రష్ చాలు. ఆ పట్టీకీ మోటారు పళ్ల చక్రానికీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉందో లేదో చూడండి. కింది చక్రాలు అరిగితే గేటు దిగి ఆ బరువంతా మోటారు మీద పడుతుంది, అప్పుడు మార్చాల్సింది చక్రాలే. మోటారు మళ్లీ లాక్ చేశాకే కరెంటు ఇవ్వండి. ఆ తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పండి, కరెంటు పోయిన రాత్రి దానికోసమే వెతుకుతారు.