తాబేలు డిప్ప మీద తెల్ల మచ్చ: మరకా, జబ్బా?

మా రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు డిప్ప మీద, వెనకవైపు రెండు పెంకుల మధ్య తెల్ల మచ్చ వచ్చింది. పెరిగే తాబేళ్లకు పై పెంకులు పల్చగా ఊడటం మామూలే, ఇది అలా లేదు. ఒళ్లు ఆరినప్పుడు సున్నం రాసినట్టు తెల్లగా కనిపిస్తుంది, నీళ్లలోకి దిగగానే దాదాపు మాయమవుతుంది. మెల్లగా నొక్కి చూస్తే గట్టిగానే ఉంది, వాసన లేదు. మెడ చర్మం మాత్రం పొరలుగా లేస్తోంది. తిండి బాగానే తింటోంది, అదొక్కటే ధైర్యం.

నీళ్లు 25 డిగ్రీలు, వెచ్చగా కూర్చునే రాయి దగ్గర 32. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలను ఇచ్చే యూవీబీ బల్బుకు ఏడాది కావస్తోంది. వెలుగు తగ్గకపోయినా ఆ కిరణాలు తగ్గిపోతాయి కాబట్టి మార్చేస్తున్నాను.

ఇది నీళ్లలోని ఖనిజాల మరకా, ఫంగసా, డిప్ప కుళ్లడం మొదలైందా? ఇంట్లో ఎలా తేల్చుకోవాలి? గాయాలకు పూసే క్రిమినాశక మందు పోవిడోన్ అయోడిన్ పలచగా కలిపి రాయమంటున్నారు, కానీ ఏమిటో తెలియకుండా మందు పూయడం నాకిష్టం లేదు. సరీసృపాలు తెలిసిన డాక్టరుకు చూపిస్తాను. అప్పటిదాకా రోజూ కొన్ని గంటలు పొడిగా ఉంచితే మంచిదేనా, లేక దానికి మరింత ఒత్తిడా? ఇలాంటి మచ్చ చూసినవాళ్లు దయచేసి చెప్పండి.