లామ్వాన్యోన్ వంశంలో ఇద్దరు గియోమ్‌లు: ఎవరు ఎవరు?

ప్రశ్న: ఫ్రాన్స్‌లో రాజుల కాలంనాటి న్యాయాధికారుల కుటుంబం లామ్వాన్యోన్‌లో గియోమ్ పేరుతో ఇద్దరున్నారు. ఎవరు ఎవరో గుర్తుపట్టడం ఎలా? పదవులు వారసులకు ఎలా దక్కేవి?

జవాబు 1: పదవి చూడండి. 1658లో పారిస్ పార్లమెంటుకు మొదటి అధ్యక్షుడైంది తాత. 1750లో ఛాన్సలర్ (రాజు కింద న్యాయవ్యవస్థకు అధిపతి) అయింది మనవడు, బ్లాంమెనిల్ గియోమ్. ఆ పార్లమెంటు చట్టసభ కాదండీ, ఉన్నత న్యాయస్థానం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

జవాబు 2: జడ్జి పదవులు కొనుక్కునేవారు. 1604 నుంచి పదవి విలువలో అరవయ్యో వంతు ఏటా కడితే కుటుంబానికే ఉండేది. కట్టనివాళ్లు పదవి బదిలీ చేశాక 40 రోజులు బతక్కపోతే అది రాజుకే పోయేది. మొదటి అధ్యక్షుణ్ణి, ఛాన్సలర్‌ను మాత్రం రాజే నియమించేవాడు. కాబట్టి డబ్బొక్కటే చాలదు.

జవాబు 3: ఛాన్సలర్ కొడుకు మాల్జెర్బ్‌నీ చదవండి. 1792 డిసెంబరులో, 71 ఏళ్ల వయసులో, విప్లవకారుల విచారణను ఎదుర్కొంటున్న రాజు 16వ లూయీ తరఫున వాదిస్తానని తానే ఉత్తరం రాశాడు. ఎంత గుండె ధైర్యం! 1794 ఏప్రిల్‌లో అతన్నీ, కూతురినీ, మనవరాలినీ గిలటిన్‌కు (తల నరికే యంత్రానికి) పంపారు.