బ్రహ్మంగారు నిజంగా అలా చెప్పారా?

మాది తిరుపతి. 2027 ఆగస్టు 2న లోకమంతా 6 నిమిషాలు చీకటైపోతుందని, కాలజ్ఞానంలో ముందే ఉందని మా అవ్వ ఫోనుకు వాట్సాప్ మెసేజొచ్చింది. దర్భలు తెచ్చి అప్పుడే బియ్యం డబ్బాలో పెట్టేసింది! ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం ఉన్నమాట నిజమే. కానీ అంతసేపు చీకటి ఈజిప్టులోని లక్సర్ లాంటి కొన్ని చోట్లే అంటే, "నీకేం తెలుసురా" అంటుంది.

కాలజ్ఞానం పూర్తిగా చదివినవాళ్లు చెప్పండి, తేదీతో సహా గ్రహణం మాట ఏ ప్రతిలోనైనా ఉందా? ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి, అవ్వకు చూపించాలి.

ఇంకోటి. గ్రహణానికి తిరుమల మూసినా శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంటుంది కదా, ఎప్పుడైనా ఆ వేళకు తీసుకెళ్లమంటోంది. ఎనభై దాటిన మనిషి ఆ రద్దీ తట్టుకోగలదా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.