క్లెయిమ్ కాగితాలు నింపేవాడు మనసు సంగతీ చూడాలా?

పాత ఫైలు:
రిటైరైన దగ్గర్నుంచి సాటి మాజీ సైనికులకు పెన్షన్, వైకల్య భృతి దరఖాస్తులు నింపిపెడుతున్నాను. ఆరేళ్లయింది. డబ్బు తీసుకోను. మొన్న మా వాలంటీర్ల మీటింగులో ఒక పెద్దాయన తీర్మానం పెట్టారు: "మనం కాగితాల వరకే. మానసిక సమస్య అని ఎవరైనా అంటే హెల్ప్‌లైన్ నంబరు ఇచ్చి పంపేద్దాం." సగం మంది చేతులెత్తారు. నేను ఎత్తలేదు.

ఎందుకంటే, నా దగ్గరికి ఇంతవరకూ ఎవరూ "నాకు డిప్రెషన్" అంటూ రాలేదు. మోకాలి నొప్పి క్లెయిమ్ అంటూ వస్తారు. కాగితాలు సగం అయ్యాక "రాత్రి నిద్ర పడుతోందా?" అని అడిగితే పెన్ను పక్కన పెట్టేస్తారు. ఆ నిమిషంలో చీటీ మీద నంబరు రాసిచ్చి పంపేయడం నా వల్ల కాదు. మీరేమంటారు?

మూడో షిఫ్ట్:
సార్, నేను ఆ పెద్దాయన వైపే. దరఖాస్తులో తప్పు పోతే అప్పీలు చేసుకోవచ్చు. మనిషితో మాట్లాడటంలో తప్పు పోతే ఏం చేస్తాం? "నాకూ ఇలాగే ఉండేదిరా, అదే తగ్గిపోతుంది" అని ధైర్యం చెప్పామనుకుంటాం. ఆ మాట నమ్మి వాడు డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఇంకో ఏడాది వాయిదా వేస్తాడు. నేను చేసిన తప్పే ఇది. అందుకే చెబుతున్నాను.

అమెరికాలో ఇంకొకరి క్లెయిములు తయారుచేసి వెటరన్స్ అఫైర్స్ శాఖకు (మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ) పెట్టేవాళ్లు ఆ శాఖ గుర్తింపు తీసుకోవాలి. మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు ఆ పని ఉచితంగానే చేస్తారు, అయినా వాళ్లకూ గుర్తింపు తప్పదు. కాగితానికే అంత పట్టింపు ఉంటే, మనసు విషయంలో "నేనూ యూనిఫాం వేసుకున్నాను" అన్న ఒక్క అర్హత సరిపోతుందా?

సగం జీతం:
మూడో షిఫ్ట్ గారూ, అర్హతల కోసం కూర్చుని ఉంటే యుద్ధం మనసుకు తెచ్చే ఈ జబ్బుకు పేరు కూడా వచ్చేది కాదేమో. 1970లో న్యూయార్క్‌లో వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన కొందరు తమలో తామే గుంపుగా కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రాబర్ట్ జే లిఫ్టన్, ఖైమ్ షాటన్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు వెళ్లి వాళ్లతో కూర్చున్నారు. తర్వాత ఏళ్ల తరబడి పోరాడితే 1980లో పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా పీడించే జబ్బు) అనే పేరు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక జబ్బుల జాబితాలోకి ఎక్కింది. 1979లో పెట్టిన వెట్ సెంటర్లదీ అదే దారి. ఆసుపత్రికి దూరంగా, మాజీ సైనికులే చాలామంది సిబ్బందిగా ఉండే చోట్లు అవి.

కాగితాల్లోనైనా సాటివాడు లేకుండా కుదరదు. 1973 జూలైలో అమెరికాలోని సెయింట్ లూయిస్ రికార్డు కేంద్రంలో మంటలు లేచి 1.6 నుంచి 1.8 కోట్ల దాకా సైనిక ఫైళ్లు బూడిదయ్యాయి. ఫైలు కాలిపోయినవాడు తాను ఫలానా చోట దెబ్బతిన్నానని ఎలా చూపించుకుంటాడు? పక్కన ఉన్నవాడు రాసిచ్చే వాంగ్మూలం అక్కడ సాక్ష్యంగా చెల్లుతుంది.

మూడో షిఫ్ట్:
మీరు చెప్పిన గదిలో సైకియాట్రిస్టులు ఉన్నారు కదండీ! మా గదిలో ఉన్నవి రెండు కుర్చీలు, ఒక ప్రింటరు. అది కూడా సగం రోజులు పనిచేయదు.

రేడియో ఆపరేటర్:
నాకు "సాటివాడు" అన్న మాట దగ్గరే పేచీ. పద్నాలుగేళ్లు సర్వీసు చేశాను. ఒక సాయం కేంద్రానికి వెళ్తే వాలంటీరు అడిగిన మొదటి ప్రశ్న, "మీ వారి సర్వీసు నంబరు చెప్పండమ్మా." దానికి నవ్వేసి ఊరుకున్నాను.

నవ్వి ఊరుకోలేనిది ఇంకొకటి ఉంది. సర్వీసులో ఉండగా లైంగిక వేధింపుకు గురైనవాళ్లు ఉంటారు. ఆడవాళ్లే అనుకోకండి, మగవాళ్లూ ఉంటారు. హాని చేసింది తోటి సైనికుడే అయినప్పుడు "మనవాడే, చెప్పుకో" అంటే ధైర్యం రాకపోగా భయం పెరుగుతుంది. యూనిట్లో ఒక మాట ఎంత తొందరగా పాకుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వాలంటీర్లు వద్దనను. కానీ బయటి మనిషితోనే మాట్లాడతానని ఎవరైనా అంటే అలగకండి, కారణం అడగకండి.

నైట్ ల్యాంప్:
నేను సైన్యంలో లేను, మా ఆయన ఉన్నారు. ఆయన స్నేహితులు బంగారం లాంటి మనుషులు. భృతి వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగారు. తాగుడు సంగతి ఎత్తితే మాత్రం "మనవాళ్లకు ఇది మామూలే వదినా" అనేవాళ్లు. ఆ మామూలుతో నాలుగేళ్లు గడిచిపోయాయి. చివరికి ఆయన్ని దారిలో పెట్టింది ఒక నర్సు. ఆమెకు సైన్యం గురించి ఏమీ తెలియదు. తెలియదు కాబట్టే ఆమెకు అది మామూలుగా అనిపించలేదు.

ఇంకో సంగతి. ఆ ఫారాలు నింపేటప్పుడు ఇంట్లోవాళ్లని ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. ఆయన రాత్రిళ్లు ఎలా ఉంటారో ఆయన కంటే నాకే బాగా తెలుసు.

వినేవాడు:
నేను కౌన్సెలర్‌ని, సైన్యంలో పనిచేయలేదు. ఈ తీర్మానం ఆచరణలో నిలవదు. క్లెయిమ్ రాయించడమంటేనే పాత గాయాన్ని కెలకడం. ఏ తేదీ, ఏ చోటు, కళ్లముందు ఎవరు పోయారు, అన్నీ రాయాలి. అమెరికాలో 2010 వరకూ చాలామంది పీటీఎస్‌డీ క్లెయిముల్లో ఆ ఘటన జరిగినట్టు విడిగా ఆధారం తేవాల్సి వచ్చేది. శత్రుదాడి భయానికి సంబంధించిన కేసుల్లో ఆ ఏడాది దాన్ని సడలించారు. సడలించినా ఆ కథ చెప్పుకోవడం తప్పదు. ఆ తర్వాత ఎదురుచూపులు. ఆస్ట్రేలియాలో సైనికుల ఆత్మహత్యలపై వేసిన రాయల్ కమిషన్ (ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం) 2022 మధ్యంతర నివేదికలో పేరుకుపోయిన క్లెయిములను 2024 మార్చి 31 నాటికి తీర్చేయాలని సూచించింది. ఆత్మహత్యల మీద వేసిన కమిషన్ ముందుగా క్లెయిముల సంగతి ఎందుకు పట్టుకుందో ఆలోచించండి.

కాబట్టి కాగితం పట్టుకున్న వాలంటీరు అప్పటికే మనసు పనిలో ఉన్నాడు. వైద్యం చేయకూడదు, సలహాలూ వద్దు. ఆ కథ ఒకే సిటింగులో, సాయంత్రం పూట రాయించకండి. దరఖాస్తుకు ఎంత కావాలో అంతే అడగండి. ఈ రాత్రి ఇంట్లో తోడెవరో కనుక్కోండి, మర్నాడు ఫోన్ చేయండి. అనుమానం వస్తే "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. అమెరికాలో మాజీ సైనికుల హెల్ప్‌లైన్ వెటరన్స్ క్రైసిస్ లైన్ 2007 నుంచి ఉంది, ఇప్పుడు 988 కొట్టి 1 నొక్కితే చాలు. అక్కడైనా ఇంకెక్కడైనా చీటీ మీద నంబరు రాసివ్వడం వేరు, పక్కన కూర్చుని డయల్ చేయించి అవతలివాళ్లు ఎత్తేదాకా ఉండటం వేరు.

మూడో షిఫ్ట్ గారి భయమూ సరైనదే. కెనడాలో 2001లో సైనికుల కోసం పెట్టిన తోటివారి సాయం కార్యక్రమంలో సమన్వయకర్తలు ఆ బాధ పడి వచ్చినవాళ్లే. కానీ వాళ్లకు శిక్షణ ఉంది, జీతం ఉంది. కుటుంబాలకూ అందులో చోటుంది, నైట్ ల్యాంప్ గారూ.

సగం జీతం:
జీతం ఇస్తే వాలంటీరు ఎలా అవుతాడండీ?

వినేవాడు:
అవడు. ఆరేళ్లు ఊరికే చేసి, తన నిద్ర పోగొట్టుకుని మానేసేవాళ్లను చూశాను కాబట్టి జీతం గురించి నాకు అభ్యంతరం లేదు.

కొత్త మెంబరు:
చాలా రోజులుగా చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. మీరంతా వాలంటీరు ఏం మాట్లాడాలో వాదిస్తున్నారు. నా కేసులో ఆయన చాలా బాగా మాట్లాడారు. తర్వాత నా సైకియాట్రీ రిపోర్టు ఫొటో తీసి "ఇందులో ఏ కాలమ్‌లో ఏం రాయాలి?" అంటూ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పేరు కనిపిస్తూనే ఉంది. అందులో నాతో పనిచేసినవాళ్లు ఉన్నారు. ఆయనకు దురుద్దేశం లేదని నాకు తెలుసు. కానీ ఆ రోజు నుంచి నా కాగితాలు ఎవరికీ చూపించలేదు. క్లెయిమ్ అక్కడే ఆగిపోయింది.

మూడో షిఫ్ట్:
ఇదిగో, నేను మొత్తుకునేది ఇందుకే. పాత ఫైలు గారూ, శిక్షణ, గోప్యత నియమం రెండూ కలిపి ఇంకో తీర్మానం పెట్టండి. ఈసారి చేయి ఎత్తుతాను.

పాత ఫైలు:
పెడతాను. పక్కన కూర్చుని డయల్ చేయించే మాట కూడా అందులో రాస్తాను. వినేవాడు గారు చెప్పిన నిద్ర సంగతి మా ఆవిడకు చూపించాను, ఆవిడ ఏమీ అనకుండా నా వైపు చూసింది. దాని గురించి విడిగా మాట్లాడదాం.

కొత్త మెంబరు గారూ, మీ పోస్టు చదివి మా గ్రూపు తెరిచాను. పాత మెసేజీల్లో ఇలాంటి ఫొటోలు పదకొండు కనిపించాయి. అందులో నాలుగు నేను పెట్టినవే. నావి తీసేశాను, మిగతావాళ్లకు ఫోన్లు చేస్తున్నాను.