చిన్నప్పుడు కవాసాకి వచ్చింది, ఇప్పుడు ఉరికితే ఛాతిల బరువైతుంది

దేవరకొండ_అక్క:
అందరికీ నమస్తే. మా తమ్మునికి 19 ఏండ్లు. మూడేండ్లప్పుడు వారం దాటినా జరం తగ్గలే, కండ్లు ఎర్రగయినయి, పెదవులు పగిలినయి, తర్వాత వేళ్ల కొసలకు తోలు గూడ ఊడింది, హైదరాబాద్ తీస్కపోతే కవాసాకి (చిన్నపిల్లలకు రక్తనాళాలు వాచే రోగం) అని ఐవీఐజీ (నరంల ఎక్కించే యాంటీబాడీల మందు) ఎక్కించిన్రు. గుండె రక్తనాళం ఒకటి ఉబ్బిందని ఆస్పిరిన్ ఇచ్చిన్రు, రెండేండ్లకు ఎకోల (గుండె స్కానింగ్‌ల) నార్మల్ వచ్చిందని బంద్ చేసిన్రు, ఆ తర్వాత మళ్ల చూపెట్టలే. ఇప్పుడు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేస్తుండు, గట్టిగ ఉరికితే ఛాతిల బరువైతుందట, ఆగితే తగ్గుతదట. అమ్మ గ్యాస్ అంటుంది. లింకేమన్న ఉంటదా?

పాలమూరు_నాన్న:
అమ్మా, ముందుగల్ల ఉరుకుడు ఆపించు. మా బిడ్డకు గూడ ఇదే రోగం, జరం వచ్చిన 10 రోజుల లోపు ఐవీఐజీ పడాలె, మాకు ఎవ్వరూ గుర్తుపట్టక లేటయింది. ఎడమ నాళం 9 మిల్లీమీటర్లు ఉబ్బింది, 8 దాటితే జెయింట్, అంటే బాగ పెద్ద ఉబ్బు అంటరు. ఆస్పిరిన్‌తో పాటు రక్తం గడ్డ కట్టకుండ వార్ఫరిన్ నడుస్తుంది, ఆ మందు సరిపోతుందా అని ఐఎన్ఆర్ రక్తపరీక్ష చూపిస్తనే ఉంటం. మీ పాత ఎకో కాగితాలు వెతుకు, అప్పుడు ఎంత ఉబ్బిందో అదే ముఖ్యం.

క్యాథ్‌ల్యాబ్_నల్గొండ:
అక్కా, లింక్ ఉండొచ్చు. ఉబ్బు తగ్గి సైజు నార్మల్ కనబడ్డా ఆ నాళం గోడ మునుపటి లెక్క ఉండదు, లోపల దళసరై ఏండ్లకేండ్లు పోయినంక సన్నబడొచ్చు, కాల్షియం పట్టొచ్చు, రక్తం గడ్డ కట్టొచ్చు, అందుకే షుగర్ బీపీ లేని పోరగాండ్లకు గూడ హార్ట్ ఎటాక్ వస్తది. ఉరికితే వచ్చి ఆగితే పోయే బరువును గ్యాస్ అనుకొని ఊకోవద్దు. ఓపీల కూసున్నప్పుడే "చిన్నప్పుడు కవాసాకి వచ్చింది, కరోనరీ అనూరిజం (గుండె రక్తనాళం ఉబ్బు) ఉండె" అని చెప్పాలె, మీరు చెప్పకపోతే ఈ వయసుల ఎవ్వరికీ ఆ అనుమానం రాదు. ఊకె కూసున్నప్పుడు తీసిన ఈసీజీ మంచిగొచ్చినా అంతటితోని ఆగకుండ్రి. పెద్దగయినంక ఎకోల నాళం మొత్తం కనబడదు, సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ (గుండె నాళాల సీటీ స్కాన్) అవసరమా అని కార్డియాలజిస్టును అడుగుండ్రి. కూసున్నప్పుడు గూడ నొప్పొచ్చి చెమటలు పడితే వెంటనే 108.

మిర్యాలగూడ_పిన్ని:
మా అక్క కొడుక్కి గూడ వచ్చింది గానీ మొదటి నుంచి అన్ని ఎకోలూ నార్మలే, మాకు గూడ భయమేనా?

క్యాథ్‌ల్యాబ్_నల్గొండ:
పిన్నీ, నాళం అసలే ఉబ్బకుంటే చానమందికి ముందుముందు ఇబ్బంది ఉండదు, రిపోర్టులు మాత్రం దాచిపెట్టుండ్రి.

దేవరకొండ_అక్క:
ఫైలు దొరికింది అన్నా, కుడి నాళం 6.5 మిల్లీమీటర్లు అని ఉంది. ఉరుకుడు ఆపించినం, వాడు ఏడుస్తుండు, ఈవెంట్స్ దగ్గరికొచ్చినయి అని. సోమవారం నిమ్స్‌కు పోదామనుకుంటున్నం.

క్యాథ్‌ల్యాబ్_నల్గొండ:
సోమవారం దాకా ఎందుకక్కా, ఇయ్యాలనే నల్గొండల కార్డియాలజిస్టుకు చూపెట్టి ఈసీజీ తీయించుండ్రి, ఆయన రాసిచ్చినంక నిమ్స్‌కు పోదురు. ఫైలు జిరాక్స్ తీసి ఇయ్యుండ్రి, ఒరిజినల్ ఎక్కడా వదలకుండ్రి.