ఫార్మాట్ బాగాలేదని జర్నల్ వాళ్ళు పేపర్ వెనక్కి పంపించేసినారు, రిఫరెన్సులు ఎట్ల సరిచెయ్యాల?

బాటనీ స్కాలర్, తిరుపతి:
అందరికీ నమస్తే. శేషాచలం కొండల్లో ఎర్రచందనం మొలకల మీద రాసిన పేపర్ ఒక జర్నల్‌కి పంపినా, రివ్యూయర్ దాకా కూడా పోలేదు, ఆఫీసులోనే చూసి తిప్పి పంపించినారు. లైన్ నంబర్లు లేవంట, రిఫరెన్సులు వాళ్ళ స్టైల్లో లేవంట, ఫోటోల రిజల్యూషన్ చాలదంట, మెయిన్ ఫైల్లో రచయితల పేర్లు ఉండకూడదంట. లోపలున్న విషయం గురించి ఒక్క మాట లేదు. రిఫరెన్సులన్నీ చేత్తో టైప్ చేసినవే, అరవై పైన ఉండాయి. మా గైడ్ సార్ జోటెరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించమంటారు, ఫ్రెండ్స్ ఏమో ఇంకో జర్నల్‌కి పంపించెయ్ అంటారు. యాడ మొదలుపెట్టాల్నో తెలీడంలా, కొంచెం చెప్పండి.

లైబ్రరీ సైన్స్, తిరుపతి:
జర్నల్ మార్చొద్దమ్మా. ఇది రిజెక్ట్ కాదు, సరిచేసి పంపమని అడగడం, అంతే. ఇంకోదానికి పోతే ఆడ రూల్స్ వేరే, మళ్ళీ ఇదే పని. మొదటిసారి ఏ ఫార్మాట్లో పంపినా తీసుకునే జర్నల్స్ ఉండాయి, ఎల్సెవియర్ అనే పబ్లిషర్ వాళ్ళవి చాలావాటికి ఆ సౌకర్యం ఉంది, కానీ నీకొచ్చిన లెటర్ చూస్తే నీది ఆ రకం కాదు. ముందు వాళ్ళ ఆథర్ గైడ్‌లైన్స్ ప్రింట్ తీసి పెట్టుకో, దాంతో పాటు ఈ మధ్య వాళ్ళు వేసిన పేపర్ ఒకటి డౌన్‌లోడ్ చేసి పక్కన పెట్టుకో, గైడ్‌లైన్స్‌లో అర్థం కానిది ఆ పేపర్లో కనపడతాది.

రిఫరెన్సుల విషయంలో మీ సార్ చెప్పిందే కరెక్టు. జోటెరో ఫ్రీ, 2006 నుంచీ ఉంది, వర్డ్‌లో దాని బటన్లు వచ్చేస్తాయి. డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్) ఉన్న పేపర్లకి పైన మంత్రదండం బొమ్మ నొక్కి డీఓఐ నంబర్ పేస్ట్ చేస్తే వివరాలు అవే వస్తాయి. డీఓఐ లేని పాతవి మాత్రం చేత్తో ఎక్కించాల. దాని తర్వాత స్టైల్ మార్చడం క్షణం పని, పదివేలకి పైగా స్టైల్స్ ఉండాయి, నీ జర్నల్ పేరు వెతుకు, దాదాపు దొరుకుతాది. అసలు కష్టం స్టైల్ దగ్గర లేదు, లోపలికి పోయే డేటా దగ్గర ఉంది. ఆడ తప్పుంటే ఏ స్టైలూ నిన్ను కాపాడదు, అదే తప్పుని చక్కగా అలంకరించి చూపిస్తాది, అందుకే ఒక్కొక్క ఎంట్రీ తెరిచి ఒరిజినల్ పేపర్ మొదటి పేజీతో పోల్చి చూడు, ఒక సాయంత్రం పడతాది, పట్టనీ.

ఏమేం చూడాలంటే, టైటిల్ అంతా పెద్ద అక్షరాల్లో వచ్చిందేమో చూడు, మొదటి అక్షరమూ సొంత పేర్లూ తప్ప మిగతావన్నీ చిన్న అక్షరాలుగా మార్చిపెట్టు. చిన్నవి ఉంటే స్టైల్ అడిగినప్పుడు జోటెరోనే పెద్దవి చేస్తాది, పెద్దవి చిన్నవి చెయ్యడం దానంతట దానికి సరిగ్గా రాదు. ఇంకోటి నీకు చాలా ముఖ్యం, టైటిల్లో ఎర్రచందనం శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్ అని వస్తే అది ఇటాలిక్‌లో ఉండాల కదా, జోటెరో టైటిల్ బాక్సులో ఆ పేరుకి ముందూ వెనకా హెచ్‌టీఎమ్‌ఎల్ ఇటాలిక్ ట్యాగ్ (ముందు <i>, వెనక </i>) పెట్టు, వర్డ్‌లోకి వచ్చేసరికి ఇటాలిక్ అయిపోతాది. పేరు చివర వచ్చే ఎల్ డాట్ ఎఫ్ డాట్ మాత్రం మామూలు అక్షరాల్లోనే ఉండాల, అది మొక్కకి పేరు పెట్టిన చిన్న లినేయస్ (కార్ల్ లినేయస్ కొడుకు) గుర్తు, ట్యాగ్ దానికి ముందే మూసెయ్యాల.

బాటనీ స్కాలర్, తిరుపతి:
చాలా థాంక్స్ అన్నా, ఇటాలిక్ సంగతి నిజంగా తెలీదు. మన వాళ్ళ పేర్లు ఎట్ల? ఒకే సార్ పేపర్లు నా లిస్టులో రెండు మూడు రకాలుగా వచ్చినాయి, ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో రెడ్డి ముందు. స్టడీ ఏరియాకి చిత్తూరు జిల్లా అనే రాసినా, అది కూడా చూడాల్నా?

లైబ్రరీ సైన్స్, తిరుపతి:
జోటెరోలో లాస్ట్ నేమ్, ఫస్ట్ నేమ్ అని రెండు గళ్ళు ఉంటాయి, అవి మన పేర్లని చూసి చేసినవి కావు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని చూడు, చిన్నప్పుడు మన తిరుపతిలోనే మిషన్ స్కూల్లో చదువుకున్నారు, ఇంటిపేరు సర్వేపల్లి, కానీ ప్రపంచమంతా రిఫరెన్సుల్లో రాధాకృష్ణన్ ముందు రాసి ఎస్ తర్వాత పెడతారు. కాబట్టి ఇంటిపేరా కాదా అని మనం తేల్చే పని లేదు, ఆ మనిషి తన పేపర్లో ఎట్ల వేసుకున్నాడో, ఆర్కిడ్ (పరిశోధకులకిచ్చే గుర్తింపు నంబర్) పేజీ ఉంటే అందులో ఎట్ల ఉందో అదే తీసుకో. పేపర్ పేపర్‌కీ ఆయనే వేరేగా వేసుకుని ఉంటే, ఏది అచ్చయిందో అది అట్లనే ఉంచు, మనం కలపకూడదు, చదివేవాళ్ళు ఆ పేపర్‌ని వెతుక్కునేది ఆ పేరుతోనే. నువ్వు మాత్రం ఇప్పుడే ఒక రకం ఎంచుకుని ఆర్కిడ్ తీసుకో, ఫ్రీనే, తర్వాత పెళ్ళయి ఇంటిపేరు మారినా నీ పేపర్లు చెల్లాచెదురు కావు.

జిల్లా తప్పకుండా చూడాల. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా వేరే. నీ ప్లాట్లు ఇప్పుడు ఏ జిల్లాలోకి వస్తాయో చూసి రాయి, కొన్ని కడప వైపు కూడా పడొచ్చు. కానీ పాత పేపర్ టైటిల్లో చిత్తూరు జిల్లా అని ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, కడపకి పాత ఇంగ్లీషు స్పెల్లింగ్ ఉన్నా అంతే.

తెలుగు రీసెర్చ్, చిత్తూరు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. నాది అన్నమయ్య మీద, ఇంగ్లీషు జర్నల్‌కి. ఏపీఏ అనే రిఫరెన్సు స్టైల్ అడిగినారు. కీర్తనలకి పేజీ నంబర్ ఇస్తే చాలా?

లైబ్రరీ సైన్స్, తిరుపతి:
చాలదు. టీటీడీ వాళ్ళు సంపుటాలు మళ్ళీ మళ్ళీ అచ్చేస్తుంటారు, ఎడిషన్ మారితే పేజీ మారొచ్చు. రేకు (కీర్తనలు చెక్కిన రాగిరేకు) నంబర్, సంపుటం నంబర్, అందులో కీర్తన నంబర్ ఇవ్వండి, ఎవరి దగ్గర ఏ ఎడిషన్ ఉన్నా దొరుకుతాది. రిఫరెన్స్ లిస్టులో మీరు చేత్తో పట్టుకున్న ఎడిషన్ ఏదో దాని సంవత్సరమూ పరిష్కర్త పేరూ వెయ్యండి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారిని ఒకచోట వేటూరి కిందా ఇంకోచోట ప్రభాకరశాస్త్రి కిందా వెయ్యకుండా చూసుకోండి, ఇద్దరు మనుషులనుకుంటారు. తెలుగు పుస్తకం పేరు ఇంగ్లీషు లిపిలో రాసి, పక్కన చదరపు బ్రాకెట్లో ఇంగ్లీషు అర్థం పెట్టాల. దీర్ఘాల మీద గీతలు పెడితే అన్నిచోట్లా పెట్టండి, లేకపోతే ఎక్కడా వద్దు. తెలుగు లిపిలో పద్యం ఇస్తుంటే యూనికోడ్‌లోనే టైప్ చేయించండి, డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో చేసిస్తే అవతల వాళ్ళ కంప్యూటర్లో పిచ్చి గుర్తులు వస్తాయి.

బాటనీ స్కాలర్, తిరుపతి:
అన్నా, ఫోటోలూ పేర్లు తీసెయ్యడమూ మిగిలినాయి.

లైబ్రరీ సైన్స్, తిరుపతి:
ఫోటోలు 300 డీపీఐ అంటారు, అంటే 17 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మకి దాదాపు 2000 పిక్సెల్స్ అడ్డంగా ఉండాల. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటో నలిగిపోయి ఉంటాది, ఫీల్డుకొచ్చిన వాళ్ళని ఒరిజినల్‌ని డాక్యుమెంట్‌గా పంపమను. వర్డ్‌లో అతికించినవి పంపొద్దు, విడి ఫైళ్ళుగా ఎక్కించు. లైన్ నంబర్లు లేఅవుట్‌లో కంటిన్యుయస్ అని నొక్కితే వచ్చేస్తాయి.

పేర్లు తీసెయ్యమనేది రాసిందెవరో రివ్యూయర్‌కి తెలీకూడదని, అందుకని మొదటి పేజీలోవి మాత్రమే కాదు, కృతజ్ఞతలూ, అటవీ శాఖ పర్మిషన్ నంబరూ, "మా ముందు పేపర్లో చెప్పినట్టు" అనే మాటలూ, ఫైల్ ప్రాపర్టీస్‌లో నీ పేరూ కూడా. కృతజ్ఞతలూ పర్మిషన్ నంబరూ టైటిల్ పేజీ ఫైల్లోకి మార్చు. ఇదంతా కాపీ మీద చెయ్యి. ముందు కాపీ తీసి, ఆ కాపీలో జోటెరోతో లింకు తెంచే అన్‌లింక్ సైటేషన్స్ నొక్కి, దాని తర్వాత వర్డ్‌లో దాగున్న పేర్లు తీసేసే ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నడిపించు. అసలు ఫైల్లో అన్‌లింక్ చేస్తే రివ్యూయర్లు ఇంకో నాలుగు పేపర్లు చేర్చమన్న రోజు మళ్ళీ అంతా చేత్తోనే. పంపే ముందు ప్రతి డీఓఐ నొక్కి ఆ పేపరే తెరుచుకుంటోందా చూడు. ఎవరైనా ఏఐ ఇచ్చిన రిఫరెన్సు చేర్చి ఉంటే ఆడే బయటపడతాది, లేని పేపర్లకి కూడా అది పేర్లు రాసేస్తాది. రిట్రాక్ట్ అయిన పేపర్ ఉంటే జోటెరోనే ఎర్రగా చూపిస్తాది, దాన్ని దాటి పోవద్దు, ఎందుకు వెనక్కి తీసుకున్నారో చదివి ఉంచాల్నా తీసెయ్యాల్నా మీ సార్‌తో మాట్లాడు.